కత్తెరమ్మ ఎడమ చెయ్యి

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధి మాత్రం దాన్ని ఎన్నడూ వాడలేదు. ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు తెరిచిన కొత్తలో ఎవరో కత్తెరమ్మ అన్నారు. ఆ పేరు ఆవిడ ఒంటికి అచ్చంగా సరిపోయింది. ఎక్కడా బిగుతు లేదు, వదులు లేదు, భుజాల దగ్గర ముడత లేదు. ఇక మార్చవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

కొట్టు అంటే మందుల షాపుకీ తాళాలు బాగుచేసే ఆయన గదికీ మధ్య ఇరుక్కున్న ఒక గది. కిటికీ దగ్గర మిషను, గది నడుమ గుడ్డ కోసే బల్ల, గోడ నిండా మేకులకి వేలాడే గోధుమరంగు కాగితపు నమూనాలు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ నడుములు ఏయే సంవత్సరాల్లో ఎంతెంత పెరిగాయో ఆ గోడకి తెలుసు. అది ఎవరికీ చెప్పేది కాదు. అందుకే ఆ కొట్టుకి అంత గౌరవం.

అక్కడ ఒకటే శాసనం. వంకర కుట్టు గడప దాటకూడదు. లోపలివైపు కుట్టు కదా, అస్తరు కింద ఎవరికీ కనబడదులెమ్మని తొందరపడే మనిషి బతిమాలితే, నాకు కనబడింది కదా అని కత్తెరమ్మ బ్లేడుతో ఆ కుట్టంతా విప్పేసేది. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు ఆవిడ దగ్గర కుట్టడం కన్నా విప్పడం బాగా నేర్చుకుని వెళ్ళిపోయేవారు.

ఆవిడ భర్త రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగమంతా నిలబడే చేసిన మనిషి కనుక ఆయనకి కూర్చునే విద్య అబ్బలేదు. ఇంట్లో కూడా తలుపు దగ్గర, ఒక చెయ్యి గుమ్మం పైకమ్మీకి ఆనించి నిలబడేవారు. ఎవరైనా గదిలోకి వస్తే లోపలికి జరగండి అనబోయి ఆగిపోయేవారు. వీళ్ళిద్దరితోబాటు ఆ ఇంట్లో ఆయన చెల్లెలు ఉండేది, అంటే కత్తెరమ్మకి ఆడపడుచు. ఆస్పత్రి వార్డులో నర్సుగా పనిచేసి మానుకున్న మనిషి. మందుసీసాతో వచ్చే సన్న అక్షరాల కాగితాన్ని చివరి చుక్క దాకా చదివి గాని సీసా మూత తియ్యని స్వభావం. వదినా ఆడపడుచులు ఒకరినొకరు ఒక్క మంచి మాట అనుకోగా ఎవరూ వినలేదు. ఒకరు భోంచెయ్యకుండా ఇంకొకరు భోంచెయ్యగా కూడా ఎవరూ చూడలేదు.

ఒక పొద్దున బల్ల మీద గుడ్డకి గీత గీస్తుండగా కత్తెరమ్మ చేతిలోంచి సుద్దముక్క జారింది. వంగి తీద్దామనుకుంది. వంగడమైతే జరిగింది గాని, లేవడం జరగలేదు.

పక్షవాతం అన్నారు. మందులకీ ఆడపడుచు అదిలింపులకీ శరీరం ఒక్కొక్క భాగంగా తిరిగొచ్చింది. అన్నిటికన్నా ముందు నోరొచ్చింది. ఇల్లంతా సంతోషించింది, కొంచెం జాగ్రత్త కూడా పడింది. తరవాత కాలొచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. కుట్టు వెయ్యకుండా వదిలేసిన చొక్కా చేతిలా పక్కన వేలాడుతూ ఉండిపోయింది. ఇక వచ్చేది ఇంతే, ఎడమ చేతికి పని నేర్పండి అన్నాడు డాక్టరు. కత్తెరమ్మ ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుంది, తల దువ్వుకుంది, చెంచాతో తినడం నేర్చుకుంది. కత్తెర సంగతి ఎత్తితే మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. ఎడమ చేత్తో కోస్తే గీత వంకరపోతుంది. వంకర సంగతి పైన మనవి చేసే ఉన్నాం.

ఈలోగా కొట్టు ఇంటాయన వచ్చి ఎంతో మర్యాదగా ఒళ్ళెలా ఉందని అడిగి, అంతకన్నా మర్యాదగా తాళం సంగతి అడిగాడు. ఫోన్లు అమ్మేవాడొకడు ఆ గది కోసం తిరుగుతున్నాడట. నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చమన్నాడు. ఇచ్చేస్తానని చెప్పండి అంది కత్తెరమ్మ మంచంలోంచి. కండక్టరుగారు తలుపు దగ్గరే నిలబడి, నెలాఖరుకే చెప్తాం అని ఆయన్ని పంపేశారు. ఆవిడకి కొట్టు లేకుండా పోతే మిగిలేది ఎవరో ఆయనకి తెలియదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన చూసింది కత్తెరమ్మనే.

అందుకని ఆయన గ్రంథాలయానికి వెళ్ళారు. మంచాన పడ్డ మనిషికి ధైర్యం చెప్పే పుస్తకం ఏదైనా ఉందా అని అడిగితే, అక్కడాయన లావుపాటి పుస్తకం ఒకటి తీసి దుమ్ము దులిపి ఇచ్చాడు. భూమికి అడుగున ఉన్న మంచు ఖండాన్ని కాలినడకన దాటిన ఒక సాహసి జీవిత కథ. ఇది విన్నవాళ్ళు లేచి పరిగెత్తుతారని గ్రంథాలయం ఆయన హామీ ఇచ్చాడు.

కండక్టరుగారు బాధ్యత తెలిసిన మనిషి. భార్యకి వినిపించే ముందు తను చదివి చూసుకున్నారు. చూసుకుని హడలిపోయారు. పుస్తకం నిండా అన్నీ అపశకునాలే. సాహసి పడిపోవడం, వెనక్కి తిరిగి రావడం, జబ్బు చెయ్యడం, జనం నవ్వడం. ఇదా రోగి వినదగిన సంగతి? సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయనకొక సిద్ధాంతం ఉండేది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేని స్టాపులో బస్సు ఆపడం ప్రయాణికులకి చేసే ద్రోహం. ఆ సిద్ధాంతం ప్రకారం ఆయన పుస్తకాన్ని ఎక్స్‌ప్రెస్ చేశారు. కష్టం కనబడిన ప్రతి చోటా పేజీలని వేళ్ళ మధ్య గుత్తంగా పట్టుకుని దాటించేశారు.

రోజూ మధ్యాహ్నం టీ అయ్యాక, నిలబడి, చివరి సీటువాడికి కూడా వినబడే గొంతుతో చదివేవారు. సాహసి ఓడ ఎక్కాడు. ఓడ దిగాడు. నడిచాడు. జెండా పాతాడు. ఇంటికి తిరిగొస్తే బ్యాండుమేళంతో ఎదురొచ్చారు. అంత లావు పుస్తకమూ వారం తిరక్కుండా ఖాళీ అయిపోయింది. పక్కింటివాళ్ళు కూడా విని ఆనందించారు.

కత్తెరమ్మ ఆనందించలేదు. ఆవిడకి ఆ మనిషి మీద రోజురోజుకీ అసహ్యం పెరిగింది. ఈయనకి కాళ్ళు నొప్పులు పుట్టవా అని ఒకరోజు అడిగింది. వీరుడు కదా అన్నారు కండక్టరుగారు. నడుస్తున్నది మంచు మీదా, మంచం మీదా అని ఇంకోరోజు అడిగింది. బ్యాండుమేళం వచ్చిన రోజున మాత్రం ఏమీ అడగలేదు. 

“అలాంటివాళ్ళు వేరే ఉంటారండీ,” అంది చివరికి. “వాళ్ళు పుట్టడమే అలా పుడతారు. మనం కాదు. ఆ తాళం ఇచ్చెయ్యండి.”

ధైర్యం చెప్పడానికి తెచ్చిన పుస్తకం ఉన్న కాస్త ధైర్యాన్నీ తీసుకుపోయింది. ఎక్కడ పొరపాటు జరిగిందో కండక్టరుగారికి అంతుపట్టలేదు. ఇంకొకసారి, ఇంకా గట్టిగా చదివితే పనిచేస్తుందేమోనని మర్నాడు మళ్ళీ మొదలుపెట్టబోయారు. అప్పటికే వారంపాటు బస్సు గొంతుతో చదివారేమో, పైన జలుబు కూడా చేసి, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

“ఇటివ్వు అన్నయ్యా, నేను చదువుతాను,” అంది ఆడపడుచు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆయన వేళ్ళతో పేజీ నంబరు చూపించబోయారు. ఆవిడ చూడలేదు. మధ్యలో ఎక్కడం నాకు అలవాటు లేదని మొదటి పేజీ తెరిచింది. గొంతు లేని కండక్టరుగారు తలుపు దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపారు. బస్సు ఆపమన్న సైగ అది. ఆ సైగకి ఒకప్పుడు ఎంత పెద్ద బండైనా ఆగేది. చెల్లెలు ఆగలేదు.

ఆవిడ చదువులో రాగం లేదు, జాలి లేదు. రోగి చీటీ చదివినట్టు ఉన్నదున్నట్టు చదివింది. సాహసి మొదటిసారి బయల్దేరి, అవతలి కొండ కనబడుతున్నంత దూరం వెళ్ళి, తిండి చాలక వెనక్కి తిరిగాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. కత్తెరమ్మ ఇటు తిరిగి పడుకుంది. రెండోసారి వెళ్ళాడు. తుపాను గుడారాన్ని చింపేసింది. చలికి చేతి వేళ్ళు నల్లబడిపోయాయి. తోడు వెళ్ళినవాడే కత్తి కాల్చి వాటిని తీసెయ్యవలసి వచ్చింది. కండక్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

“ఏ చెయ్యి?” అంది కత్తెరమ్మ.

ఆడపడుచు పుస్తకంలో వెతికి, “కుడి,” అంది.

“మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివింది. చిరిగిన గుడారాన్ని కుట్టకపోతే తెల్లారేసరికి ఇద్దరూ గడ్డకట్టిపోతారు. తోడువాడికి ఈలోగా మంచు వెలుగు కొట్టి కళ్ళు సరిగ్గా కనబడటం లేదు. అందుకని సాహసి గుడ్డని పళ్ళతో పట్టుకుని, ఎడమ చేత్తో సూది గుచ్చుతూ కుట్టాడు. తాగిన చీమలు బారు కట్టినట్టు వచ్చిందట ఆ కుట్టు. తోడువాడు దాన్ని తడిమి చూసి, అంత చలిలోనూ కడుపు పట్టుకుని నవ్వాడట. ఆ రాత్రి గాలి మాత్రం లోపలికి రాలేదట.

కత్తెరమ్మ లేచి కూర్చుంది. దగ్గర దగ్గరగా వేసిన కుట్టా, పొడుగు టాకాలా అని అడిగింది. పుస్తకంలో రాయలేదంది ఆడపడుచు. రాసినవాడికి కుట్టుపని రాదన్నమాట, దగ్గర కుట్టే అయుంటుంది, టాకాలైతే తుపానుకి ఆగవు అని తేల్చింది కత్తెరమ్మ. అప్పుడు గాని ఆవిడకి ఇంకో సంగతి తట్టలేదు. తలుపు వైపు చూసింది.

“ఏమండీ, మీరు చదివింది ఈ పుస్తకమేనా?”

కండక్టరుగారు కాళ్ళ కేసి చూసుకున్నారు.

“అన్నయ్య ఎక్స్‌ప్రెస్ నడిపాడు వదినా,” అంది ఆడపడుచు పేజీ తిప్పుతూ. “చిన్న స్టాపులన్నీ ఎగరగొట్టేశాడు.”

“నీకు బాధ కలుగుతుందని,” అన్నారాయన. గొంతు లేదు కనుక పెదవులు కదలడం మాత్రం కనబడింది.

కత్తెరమ్మకి కోపం వస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. కోపం రాలేదు.

“గెలిచినవాళ్ళ కథ నాకెందుకండీ? వాళ్ళని చూస్తే నా చెయ్యి ఇంకా బరువెక్కుతోంది. ఈయన పడ్డచోట ఆపండి. నేనున్నది అక్కడే.”

కండక్టరుగారు అటు తిరిగి దగ్గారు. జలుబు చేసిన మనిషి కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఆడపడుచు పుస్తకం పూర్తి చేసింది. మూడోసారి, తల నెరిశాక, అతుకుల బూట్లతో ఆ మనిషి మంచుని దాటాడు. జెండాకి కత్తెరమ్మ పెద్దగా విలువివ్వలేదు. సరే, చేరాడు అని, మళ్ళీ గుడారం దగ్గరికి వెనక్కి తిప్పించింది. ఆ రెండు పేజీలూ ఆ ఇంట్లో ఎన్నిసార్లు చదివారో చెప్పడం కష్టం. మరికొన్నాళ్ళకి ఒక పొద్దున, కొట్టు దాకా నడిచొద్దాం రండి అంది.

కొట్టులో కత్తెర ఆవిడని గుర్తుపట్టనట్టు ప్రవర్తించింది. కుడిచేతివాళ్ళ కోసం చేసిన కత్తెరని ఎడమ చేత్తో పట్టుకుంటే, నొక్కినకొద్దీ దాని రెండు అలుగులూ ఒకదానికొకటి దూరం జరుగుతాయి. గుడ్డ తెగదు, వాటి మధ్య మడత పడి నలుగుతుంది. కండక్టరుగారు ఎడమచేతి కత్తెర కోసం ఊరంతా తిరిగారు. సాయంత్రానికి చిన్నపిల్లలు కాగితాలు కోసుకునే మొద్దు కత్తెర ఒకటి తెచ్చారు. దాని పిడి మీద బాతు బొమ్మ ఉంది. దీంతో ఏం కొయ్యమంటారు, గాలినా అని అడిగింది కత్తెరమ్మ. చివరికి ఆవిడే కనిపెట్టింది. బొటనవేలిని బయటికి నెట్టకుండా అరచేతిలోకి లాక్కుంటూ నొక్కితే, అలుగులు అయిష్టంగా దగ్గరికొస్తాయి. ఇంట్లో ఉన్న పాత వార్తాపత్రికలన్నీ ఆ అభ్యాసంలో ఖర్చయిపోయాయి. గుడ్డని కదలకుండా పట్టుకునే కుడి చెయ్యి లేదు కనుక ఆ ఉద్యోగం కండక్టరుగారికి ఇచ్చారు. ఆయన బల్లకి అవతల నిలబడి, రెండు అరచేతులతో కాగితాన్ని అదిమి, ఊపిరి బిగబట్టి ఉండేవారు. నిలబడి చేసే ఉద్యోగం కావడం ఆయనకి బాగా నచ్చింది.

కాగితాలైతే కోసింది. గుడ్డ ఎవరిస్తారు? బయటివాళ్ళ గుడ్డ పాడుచెయ్యడానికి కత్తెరమ్మ ఒప్పుకోదు. అప్పుడు ఆడపడుచు తన పెట్టెలోంచి మందపాటి ఉన్ని గుడ్డ తీసుకొచ్చి బల్ల మీద పడేసింది. ఒకవైపు మెత్తటి నూగు, రెండోవైపు బోడి. మోకాళ్ళ దాకా వచ్చే చలికోటు కుట్టించుకోవాలని ఆవిడ ఎప్పుడో కొని దాచుకున్న గుడ్డ అది.

“కోటు అడిగి అడిగి నా జుట్టు నెరిసింది,” అంది. “ఇన్నాళ్ళూ నీకు బేరాలు. ఇప్పుడు ఎవరూ రావట్లేదు కాబట్టి నా వంతొచ్చింది.”

“పాడైపోతుందే.”

“పాడైతే పాడైంది. చిమటలు తింటే మాత్రం బాగుంటుందా?”

కోటు వెనకభాగం కోశారు, ముందుభాగాలు కోశారు. గీత అక్కడక్కడ వణికింది. కత్తెరమ్మ పెదవి కొరుక్కుంది గాని ఆగలేదు. తరవాత చేతులు కొయ్యాలి. మామూలుగా గుడ్డని రెండు మడతలు చేసి, ఒక్క వేటుకి రెండు చేతులూ కోస్తారు. మడతలో ఒకటి ఇటు, ఒకటి అటు చూస్తాయి కనుక కుడిదీ ఎడమదీ వాటంతటవే తయారవుతాయి. కాని రెండు మడతల ఉన్నిని కోసే బలం ఆ ఎడమ చేతికి ఇంకా రాలేదు. అందుకని ఒక్కొక్క చెయ్యీ విడివిడిగా కోశారు. కండక్టరుగారు మొదటి చేతికి నమూనా కాగితాన్ని ఎలా పెట్టారో, రెండోదానికి కూడా నూలుపోగంత తేడా రాకుండా అచ్చం అలాగే పెట్టి, తన పనితనానికి తనే ముచ్చటపడ్డారు. కత్తెరమ్మకి కూడా అనుమానం రాలేదు. మడత మీదే కోసిన మనిషికి కాగితం తిరగెయ్యవలసిన అవసరం జీవితంలో ఎన్నడూ రాలేదు మరి.

టాకాలేసి ఆడపడుచుకి తొడిగిన రోజు నెలాఖరు. ఒక చెయ్యి బాగానే కూర్చుంది. రెండోది, ఎవరో వెనకనించి పట్టుకుని గుంజుతున్నట్టు భుజం దగ్గర మెలితిరిగింది. నూగు పైకే ఉంది, కొలత సరిగ్గానే ఉంది. రెండూ ఎడమ చేతులే.

“బాగుంది వదినా,” అంది ఆడపడుచు ఆ చెయ్యి ఎత్తి చూపిస్తూ. “బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడ్డానికి పనికొస్తుంది.”

 కత్తెరమ్మ కుర్చీలో కూలబడింది. నేనే, మొదటిదాన్ని ఎలా పెట్టానో అలాగే పెట్టాను అని కండక్టరుగారు గొణిగారు. తిరగేసి కుడదామంటే నూగు లోపలికి పోతుంది, కోసే ఇంకో గుడ్డ లేదు. బల్ల మీద మిగిలినవన్నీ అరచేతి వెడల్పు పీలికలు. ఆ కొట్టు శాసనం ప్రకారం ఇలాంటిది గడప దాటడం కాదు, గడప లోపల పుట్టడం కూడా ఇదే మొదలు.  ఆవిడ ఎడమ చేత్తో కొంగుముడి విప్పి, కొట్టు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే కొట్టు ఇంటాయన వచ్చాడు. ఒళ్ళెలా ఉందమ్మా అని అడిగాడు. కులాసాగా ఉందంది. తాళంచెవి బల్ల మీదే కనబడుతోంది కనుక ఆయన ఇక ఆ మాట ఎత్తకుండా చెయ్యి చాచాడు.

కత్తెరమ్మ తాళంచెవిని చూసింది. కోటు తొడుక్కుని, ఒక చెయ్యి పక్కకి తిరిగిపోయి నిలబడ్డ ఆడపడుచుని చూసింది.

“కోటొకటి సగంలో ఉందండీ,” అంది.

“పరవాలేదమ్మా, ఎప్పటికవుతుంది?”

“తెలీదు. రెండూ ఎడమ చేతులొచ్చాయి.”

ఇంటాయన అర్థంకాక ఆడపడుచు కేసి చూశాడు. ఆవిడ గంభీరంగా చెయ్యెత్తి సాక్ష్యం చూపించింది.

“ఇంత తప్పు పెట్టుకుని తాళం ఎలా ఇస్తానండీ?” అంది కత్తెరమ్మ. “సరిచెయ్యాలి కదా. ఆ ఫోన్లాయన్ని ఇంకోచోట చూసుకోమనండి.” తాళంచెవిని మళ్ళీ కొంగున కట్టుకోబోయింది. ఒంటిచేత్తో ముడి పడలేదు. కండక్టరుగారు వచ్చి వేశారు.

ఇంటాయన వెళ్ళిపోయాడు. మాట అనడమైతే అయింది, గుడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆడపడుచు కోటు విప్పి బల్ల మీద పరిచింది.

“మోకాళ్ళ దాకా ఎందుకు వదినా? నా మోకాళ్ళని చూసి మెచ్చుకునేవాళ్ళు ఎవరున్నారు? నడుం దాకా ఉంచి, కిందది కోసి చెయ్యి చేసుకో.”

మోకాళ్ళ దాకా అన్నది ఆవిడ ఎన్నేళ్ళుగానో కోరుకున్న పొడుగని కత్తెరమ్మకి తెలుసు. కోటు కింది భాగాన్ని వేళ్ళతో కొలిచి చూసింది.

“పొడుగు చాలదు. మోచేతి దగ్గర అతుకు పడుతుంది. కనబడుతుందే.”

“కనబడనీ.”

కత్తెరమ్మ టాకాలు విప్పి, సుద్దముక్కతో గీత గీసింది. “ఏమండీ, ఈసారి కాగితం తిరగేసి పెట్టండి,” అంది. ఆయన తిరగేశారు. నూగు ఎటుందో తడిమి చూసుకున్నారు, అనుమానం తీరక చెల్లెలి చేత కూడా తడిమి చూపించుకున్నారు, అప్పుడు రెండు అరచేతులూ ఆనించారు. కత్తెరమ్మ బొటనవేలు లోపలికి లాక్కుని నొక్కింది. గుడ్డ తెగడం మొదలైంది.

“వంకర పోతోంది వదినా,” అంది ఆడపడుచు, మీద నించి వంగి చూస్తూ.

“పోతోంది,” అంది కత్తెరమ్మ తలెత్తకుండా. “మీరు కదలకండి.”